డబ్బా నిండా రెక్కలే

ప్రియమైన దర్జీగారికి,

మీ ఉత్తరం అందింది. దాన్ని ఉత్తరం అనడానికి నోరు రావడం లేదు. "ఇక్కడ అంతా క్షేమం, నువ్వు జాగ్రత్త" అని రెండు ముక్కలు రాయడానికి కాగితం, కవరు, పడవ ఎందుకండీ? కొలతల చీటీ మీద కూడా మీరు ఇంతకంటే ఎక్కువే రాస్తారు. ఈ దీవిలో ఫోను ఆఫీసు పనికే. సరుకుల పడవలో వచ్చే మీ కాగితమే నాకు దిక్కు.

అందుకని మీకో పని అప్పగిస్తున్నాను. నేను వదిలి వచ్చిన బొద్దింకల డబ్బా మూత తీసి రోజూ కాసేపు చూడండి. ముక్కు మూసుకోనక్కర్లేదు, అది మీ షాపు కన్నా శుభ్రంగానే ఉంటుంది. మన పెంపుడు బల్లి జమీందారు కూర్చుని తినే రకం. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి కదా, డబ్బాలో పిల్లలు పుడుతుంటేనే వాడికి మేత. వెచ్చదనం సరిపోతే మగవి రెక్కలు విదిలిస్తూ ఆడవాటి వెంటపడతాయి. ఆ సరసం ఎలా సాగుతోందో చూసింది చూసినట్టు రాయండి. మేతకి రెక్కలు రాని పిల్లల్నే వెయ్యండి. రెక్కలొచ్చినవాటి జోలికి పోకండి, సంసారం చేసేవి అవే.

ఇక్కడ వాతావరణ కేంద్రంలో నన్ను ఇంకో రెండేళ్ళు ఉండమంటున్నారు. వానలు మొదలయ్యేలోపు జవాబు చెప్పాలి. మీరేమంటారు?

మీ రాక కోసం కాకపోయినా మీ రాత కోసం ఎదురుచూసే,
గాలివాన


ప్రియమైన గాలివానకి,

చచ్చీ చెడీ మూత తీశాను. మొదటి రోజు చేతులకి తొడుగులేసుకుని, మీటరు కర్రతో దూరం నుంచే తీశాను. ఇప్పుడు మొహం దగ్గరగా పెట్టి మరీ చూస్తున్నాను.

ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఉండి వీటి సొగసు గమనించలేదు. రెక్కలాయన కోటు చూడు, కొలిచి కుట్టినట్టు సరిగ్గా వెనకదాకా వచ్చింది, ఎక్కడా ముడత లేదు. మీసాలతో రెండోదాన్ని తడుముతాడు. రెక్కలు పైకెత్తి గడగడా వణికిస్తాడు, బేరం వచ్చినప్పుడు నేను గుడ్డ విదిల్చినంత హడావిడిగా. రెండోదీ ఊరుకోదు, తలతో ఒక్క కుమ్ము కుమ్ముతుంది. ఇదేం సరసమో కానీ, పెళ్ళైన కొత్తలో నువ్వూ ఇంతే కదా, మాటకంటే ముందు మోచెయ్యి వచ్చేది.

నిన్న ఒక రెక్కలాయన పిల్లదాని ముందు నిలబడి ఒకటే గదమాయింపు. పిల్ల బొద్దుగా ఉంది, పాపం కదలకుండా నిలబడింది. జాలేసి పట్టకారుతో తీసి జమీందారుకి పెట్టాను. ఇదేం జాలి అని నవ్వకు. అలాంటి బొద్దుపిల్లలంటేనే వాడికి ప్రాణం, రోజూ ఏరి ఏరి పెడుతున్నాను. రెక్కలవాళ్ళని మాత్రం ఒక్కణ్ణీ ముట్టలేదు. నీ మాట జవదాటుతానా?

డబ్బా కళకళలాడుతోంది. ఇల్లూ అంతే. రెండేళ్ళ సంగతి నీ ఇష్టం. తిండికి లోటు లేదు, షాపులో తీరిక లేదు, హాయిగా ఉన్నాను. నా గురించి బెంగ పెట్టుకోకు.

నీ మాట మీద నిలబడిన,
దర్జీ


ప్రియమైన దర్జీగారికి,

మీ ఉత్తరం వంటగదిలో నిలబడి చదివాను. నవ్వీ నవ్వీ పొలమారితే వంటాయన కంగారుపడి మంచినీళ్ళిచ్చాడు.

వాళ్ళు బొద్దుపిల్లలు కాదండీ, పెళ్ళాలు. ఈ జాతిలో ఆడవాటికి రెక్కలు రావు, భుజాల దగ్గర చిన్న ముక్కలుంటాయంతే. ఆ రెక్కలాయన గదమాయించడం లేదు, బతిమాలుకుంటున్నాడు. మీరు సరిగ్గా ఆ సమయానికి పెళ్ళికూతురిని ఎత్తుకెళ్ళి బల్లి నోట్లో పెట్టారు. కుమ్ములాడుకున్న ఇద్దరూ మగవాళ్ళే. మిమ్మల్ని అని లాభం లేదు. రెక్కలొచ్చినవాటిని ముట్టొద్దన్నాను కానీ రెక్కలు రానివాటిలో ఎవరెవరుంటారో చెప్పలేదు. రోజూ చూసేదాన్ని కదా, అదొకటి చెప్పాలని నాకు తోచనే లేదు.

నవ్వయ్యాక కూర్చుని మళ్ళీ చదివాను. ఈసారి నవ్వు రాలేదు. డబ్బా కళకళలాడుతోంది, ఇల్లూ అంతే అన్నారు. డబ్బా సంగతి తెలిసిపోయింది. మరి ఇంటి సంగతేమిటి? మీ మేకపోతు గాంభీర్యం నాకు కొత్త కాదు. పంటి నొప్పితో దవడ వాచినా, బుగ్గలొచ్చాయి చూడమన్న మనిషి మీరు.

ఇంకోసారి మూత తీసి చూడండి, డబ్బాదీ, ఇంటిదీ. చూసింది చూసినట్టు రాయండి. మీరు రాసినదాన్ని బట్టే వీళ్ళకి జవాబు చెబుతాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అమ్మని కూడా కాదు.

కాస్త కోపంగా, బోలెడంత ఆశగా,
గాలివాన


ప్రియమైన గాలివానకి,

డబ్బాలో అవి దాక్కునే కోడిగుడ్ల అట్టలన్నీ ఎత్తి చూశాను. డబ్బా నిండా రెక్కలే. ఒకణ్ణొకడు తోసుకుంటున్నారు. ఒకడైతే క్యారెట్ ముక్క ముందు నిలబడి రెక్కలు వణికిస్తున్నాడు. నవ్వబోయి ఆగిపోయాను. మొన్న నీ శాలువాకి చిరుగన్నదే లేకపోయినా తెచ్చి మిషను మీద పెట్టుకుని, దానికి షాపు కబుర్లన్నీ చెప్పింది నేనే.

ఇక ఇంటి సంగతి. అన్నం గిన్నెలోంచే, పొయ్యి దగ్గరే నిలబడి తింటున్నాను. కొలతలు తప్పుతున్నాయి. బ్యాంకాయన ప్యాంటు ఒక కాలు కురచైంది, ఆయన మర్యాదస్థుడు కనుక అలాగే తొడుక్కుని పోయాడు. పని లేకపోయినా షాపు కట్టెయ్యబుద్ధి కాదు. మంచం మీద నీ వైపు దుప్పటి నువ్వు మడిచిన మడతలోనే ఉంది. విప్పితే మళ్ళీ అలా మడవడం నాకు రాదు.

అడుగు అట్టలో ఒక్కతి బతికిపోయింది. ఒక రెక్కలాయన ఆవిడ దగ్గరికొచ్చి మీసాలతో తడిమి, వణికాడు. ఆవిడ వెళ్ళిపోయింది. మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ తప్పుకుంది. వాడు చిన్నతనం అనుకోలేదు, మళ్ళీ వెళ్ళాడు. చివరికి ఆగింది. ఆ తర్వాత ఇద్దరూ వెనకలు కలుపుకుని, చెరో దిక్కుకీ మొహాలు పెట్టి కదలకుండా ఉండిపోయారు. నేను టీ పెట్టుకుని తాగి వచ్చినా అలాగే ఉన్నారు. చెరో దిక్కునున్నా కలిసే ఉన్నారు. మనకి ఆ వరం లేదు.

నీ పనికి అడ్డుపడ్డానన్న మాట రాకూడదని నిన్నెప్పుడూ ఏదీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. రెండేళ్ళు వద్దు. వచ్చెయ్యి. నువ్వు లేకపోతే నాకు బాగుండటం లేదు.

నీ కోసం చూస్తూ,
దర్జీ


ప్రియమైన మీకు,

"వచ్చెయ్యి" అన్న మాట మీద వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ మాట మీ నోట వినాలని నేను ఇల్లు వదిలిన రోజు నుంచీ ఉంది.

మీరు నిజం రాశారు కాబట్టి నేనూ రాస్తాను. నాకిక్కడ బాగుంది. మీరు లేకపోవడం ఒక్కటే బాగాలేదు. తెల్లారి వాతావరణం కొలవడానికి వదిలే బెలూను చేతిలోంచి జారి మబ్బుల్లోకి పోతుంటే నా ఒళ్ళు తేలికవుతుంది. అది రాస్తే మీరు చిన్నబుచ్చుకుంటారని ఏ ఉత్తరంలోనూ రాయలేదు. మన ఇంట్లో మేకపోతు మీరొక్కరే కాదన్నమాట.

పెద్దాఫీసరుతో మాట్లాడాను. రెండేళ్ళు కుదరదు, ఒక ఏడాదైతే సరే, అదీ మా ఆయన ఇక్కడికి వస్తేనే అన్నాను. బెలూను షెడ్డు మీది టార్పాలిన్లు ఉప్పుగాలికి పీలికలయ్యాయి, కుట్టే దిక్కులేక తాళ్ళతో కట్టుకుంటున్నారు. మిషను తెచ్చుకుంటే రమ్మనమన్నాడు. గది చిన్నది. మంచం ఇరుకు. బల్లులకీ బొద్దింకలకీ మాత్రం చోటు లేదట.

మీకు షాపుంది, మీ చేతి కుట్టే కావాలనే మనుషులున్నారు. కాదంటే కాదనండి, పెట్టె సర్దుకుని నేనే వచ్చేస్తాను. మొహం ముడుచుకోకుండా వస్తాను. కానీ అడగడం మీ ఒక్కరి వంతే కాదు కదా. వస్తారా?

మీ,
గాలివాన


ప్రియమైన నా గాలివానకి,

టార్పాలిన్‌కి మామూలు సూది ఆగదు, లావువి కొన్నాను. షాపు తాళంచెవి పక్కన గడియారాలు బాగుచేసే ఆయనకిచ్చాను. జమీందారునీ డబ్బానీ కూడా ఆయనే పెంచుకుంటానన్నాడు. ఆ మిగిలిన ఆవిడ తల్లైంది, తెల్లగా బియ్యపు గింజలంతేసి పిల్లలు. ఆడవెలా ఉంటాయో ఆయనకి పట్టుకుని మరీ చూపించాను, నా తెలివి ఆయనకి అంటుకోకూడదని. జమీందారుని ఇచ్చేటప్పుడు కళ్ళు చెమర్చాయి, నువ్వు పెంచినవాడని.

బ్యాంకాయన "పెళ్ళాం కోసం నడుస్తున్న షాపు మూసేస్తావటయ్యా" అన్నాడు. "అవునండీ" అన్నాను.

ఈ ఉత్తరం వచ్చిన పడవ తర్వాతి పడవలో నేను వస్తున్నాను. నాకు ఈత రాదు. పడవకీ ఒడ్డుకీ మధ్య నీళ్ళు చూస్తే కాళ్ళాడవు. ఎవరు చూస్తున్నా సరే, నువ్వు చెయ్యి చాపి నిలబడు. పట్టుకుని చాలా కాలమైంది.

నీ,
దర్జీ