తీపి ఎర్ర వైన్‌కు నల్ల చుట్ట

మొదటి పుట

చుట్టల దుకాణం యజమానురాలినైన నేను, ఒంట్లో సత్తువ తగ్గినా బుద్ధి చెక్కుచెదరని స్థితిలో, ఎవరి బలవంతానికీ లొంగకుండా, నా తదనంతరం నా ఆస్తి ఎవరెవరికి చెందాలో ఇందులో రాస్తున్నాను. నాకు భర్త, పిల్లలు లేరు. ఇంతకు ముందు రాసిన కాగితాలేవీ ఇక చెల్లవు. దీన్ని అమలు జరిపే బాధ్యత మా ముసలి వకీలుగారిది.

1. మా నాన్న నుంచి నాకు సంక్రమించిన చుట్టల దుకాణం, అందులోని సరుకు, ఆకు ఆరబెట్టే అటక సహా, పక్కనే వైన్ దుకాణం నడుపుతున్న నా ఏకైక తమ్ముడికి సర్వహక్కులతో చెందవలెను.

2. రెండు దుకాణాలకూ మధ్యన, కొనేవాళ్లకు చుట్టనూ వైన్‌నూ జతగా రుచి చూపించే గదిలో నా సగం వాటా కూడా అతనికే చెందవలెను.

రెండో పుట

తమ్ముడు ఏ కాగితమూ మొదటి పుట దాటి చదవడు. సీసా మీద చీటీలో కూడా పై వరుస చదివి ఊరుకునే రకం. కాబట్టి ఇక్కడి నుంచి నా భాషలో రాస్తాను.

3. పై రెండు అంశాలూ ఎందుకు రాయాల్సి వచ్చిందో అందరికీ తెలియాలి. పోయిన వారం అతను నా మేనకోడలి చేతిని, అంటే తన కన్నకూతురి చేతిని, ఆకు కోసే బల్లకేసి అదిమిపట్టి, వెలుగుతున్న చుట్టతో మణికట్టు మీద కాల్చాడు. "దుకాణం నా పేర రాసెయ్ అక్కా. లేదంటే దీని వేళ్లు ఒక్కోటీ విరిచేస్తా. అప్పుడేం చుడుతుందో చూద్దాం" అన్నాడు. ఆ పిల్ల అరవలేదు. పెదవి కొరుక్కుంటే గడ్డం మీదికి రక్తం కారింది. చేతికందిన ఆకు కత్తితో అతని చెవి తమ్మె తెగ్గోశాను. అందుకు నాకు విచారం లేదు. విచారమల్లా గురి తప్పినందుకే. నేను చూసుకున్నది మెడ. అతను సీసా ఎత్తి నా దవడ పగలగొట్టాడు. పోలీసులు వచ్చి, అక్కాతమ్ముళ్ల గొడవ అని నవ్వి వెళ్లిపోయారు.

4. ఈ పగకు మూలం రుచి. తమ్ముడు చుట్ట తలను వైన్‌లో ముంచి నోట్లో పెట్టుకుంటాడు, వచ్చినవాళ్లకూ అదే నేర్పుతాడు. తడిసిన చుట్ట నోట్లో గోనెసంచి ముక్కలా ఉంటుంది, వైన్‌లో బూడిద తేలుతుంది. ఒకరోజు అందరి ముందూ ఆ మాట అన్నాను. అతను నా ఎడమ చెవి మీద కొట్టాడు. ఆ చెవికి ఇప్పటికీ ఏమీ వినబడదు. ఆ చెవి వైపు కూర్చునే నన్ను తిడుతుంటాడు, నాకు హాయిగానే ఉంది.

5. మేనకోడలికి నా ఆకు కత్తి, చుట్టలు బిగించే అచ్చులు, పనిబల్ల. వీటితో పాటు మా నాన్న నాకు, నేను ఆమెకు నేర్పిన జత: తీపి ఎర్ర వైన్‌కు లేత ఆకు చుట్ట ఆగదు, చచ్చిపోతుంది. ఏళ్ల తరబడి మాగిన నల్లాకు కావాలి. వైన్ కాస్త చల్లగా, చిన్న గ్లాసులో, సగానికి. ముందు పొగ, అది వదిలాక గుక్క, తర్వాత కాసేపు ఊరుకోవడం. ముంచడం ఎన్నటికీ కూడదు. ఇంకొకటి గుర్తుంచుకో తల్లీ: ఆ తీపి ఆకు ఘాటును దాచేస్తుంది. కూర్చున్నంతసేపూ ఏమీ తెలియదు. లేస్తే కాళ్లు నిలవవు. నీ మణికట్టు మీద మచ్చ చూసినప్పుడల్లా నా గుండె కోసుకుపోతోంది.

6. కట్టుబట్టలతో ఇల్లు విడిచి వెళ్లిపోయిన మా మరదలికి నా ఉన్ని శాలువా. నువ్వు వెళ్లడమే మంచిదైంది. మొగుడి నెత్తిన ఒక్కటిచ్చి వెళ్లి ఉంటే ఇంకా బాగుండేది.

7. వకీలుగారికి నా ఊగే కుర్చీ. దగ్గు తగ్గేదాకా చుట్టలు మాత్రం ఇవ్వను.

8. సాక్షిగా సంతకం పెట్టినవాడికి ఆ వీలునామాలో రాసిన ఆస్తి ఏదీ చెల్లదని ఇక్కడి చట్టం. ఎదురు దుకాణం టైలర్‌కు ఒక పెట్టె చుట్టలు రాద్దామనుకుంటే వకీలుగారు ఈ సంగతి చెప్పి ఆపారు. పెట్టె టైలర్ చేతికే ఇచ్చేశాను. కానీ ఆ చట్టం నాకు తెగ నచ్చింది. రెండో సాక్షిగా తమ్ముణ్ణి పిలిపించాను.

9. చట్టరీత్యా చెల్లకుండా పోయిన ప్రతి ఆస్తీ నా మేనకోడలికి చెందాలి. ఆమె ప్రాణానికి ఏమైనా జరిగితే అంతా అగ్నిమాపక దళానికి పోవాలి. తమ్ముడికి ఒక్క ఆకు ఈనె కూడా దక్కకూడదు. సంతకాలు జరిగేటప్పుడు ఆమె ఈ గదిలో ఉండకూడదు. వకీలుగారి భార్య ఆమెను ఇప్పటికే రైలెక్కించింది.

10. తమ్ముడు రాగానే మొదటి పుట చదవనివ్వాలి. తర్వాత నల్ల చుట్ట వెలిగించి, తీపి ఎర్ర వైన్ పోసి ఇవ్వాలి. ఎలా తాగమని నేను చెప్పను. ముంచుకున్నా సరే, ఈ ఒక్కసారికి అడ్డుపడను. తలకెక్కకముందే, చేయి నిలకడగా ఉన్నప్పుడే సంతకం తీసుకోవాలి. ఆఖరి పుటలో సంతకాల చోటు తప్ప మిగతాది వకీలుగారి మోచేతి కింద ఉంటుంది.

తేదీ: నవంబరు పద్నాలుగు, మధ్యాహ్నం, మధ్యగదిలో.

సంతకం: చుట్టల దుకాణం యజమానురాలు

సాక్షులు:
ఎదురు దుకాణం టైలర్
వైన్ దుకాణం యజమాని, ఆమె తమ్ముడు

వకీలు గమనిక: రెండో సాక్షి పూర్తి తెలివిలో ఉండి, నవ్వుతూ సంతకం పెట్టాడు. "థాంక్స్ అక్కా" అన్నాడు. ఆమె దవడ కట్టుతోనే అతని గ్లాసు మళ్లీ నింపింది.