నూటపన్నెండో పేజీ

మహదేవపుర, బెంగళూరు
14 సెప్టెంబరు 2003, ఆదివారం

అత్తకు,

చేతులెత్తి మొక్కి చైత్ర రాస్తున్న జాబు. ఇక్కడ నేను, మీ అబ్బాయి, మీ మనవరాలు వర్షిణి ముగ్గురం బాగున్నాం. మీరూ అక్కడ బాగున్నారని తలుస్తాను అని ప్రతిసారీ రాసేదాన్ని. ఈసారి ఆ మాట రాయడం లేదు. ఎందుకో పోనుపోను మీకే తెలుస్తుంది.

ముందు మీ పోయిన ఉత్తరంలోని ప్రశ్నలకు జవాబులు చెప్పేస్తాను. లేకపోతే "అడిగిందొకటి, చెప్పేదొకటి" అంటారు. వర్షిణికి దగ్గు తగ్గింది. మీరు చెప్పినట్టే తమలపాకు రసంలో తేనె కలిపి పట్టాను. సగం మింగింది, సగం నా చీర మీద ఉమ్మింది. ఆ సగానికే తగ్గిందంటే మీ వైద్యం గట్టిదే. ఇక నీళ్ళ సంగతి. బోరు ఎండిపోయింది. రెండు రోజులకొకసారి ట్యాంకరు వస్తుంది, వచ్చినప్పుడు వీధి వీధంతా బిందెలతో పరుగు. మీ అబ్బాయి ఆఫీసు బ్యాగు భుజాన తగిలించుకొనే రెండు బిందెలు మోసి, తడిసిన చొక్కాతోనే బెళ్ళందూరు బస్సెక్కుతున్నాడు. ఏదో నవల్లో నాయకుడి పేరని ముచ్చటపడి లలిత్ అని పెట్టారట కదా! నాయకుడు ఇప్పుడు నీళ్ళు మోస్తున్నాడు.

మీ మూడో ప్రశ్న, "నీలం అట్ట నవల ఎవరికిచ్చావు, వాళ్ళకు నచ్చిందా?" అని. దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు. ఫోన్‌లో చెబుదామని రెండుసార్లు ఎస్టీడీ బూత్ దాకా పోయి వెనక్కి వచ్చాను. ఫోన్‌లో అయితే మీరు "సరేలే, ఇంకేం విశేషాలు" అని మాట మార్చేస్తారు. కాగితమైతే తప్పించుకోలేరు.

మా పుస్తకాల గుంపు గురించి మీకు ముక్కలు ముక్కలుగా రాశానే గాని పూర్తిగా ఎప్పుడూ రాయలేదు. రెండు వారాలకొక ఆదివారం పద్మనాభంగారింటి కారు షెడ్డులో తొమ్మిది మందిమి కూర్చుంటాం. ఆయనకు కారు లేదు, మా అదృష్టం. ఈ ఊళ్ళో తెలుగు పుస్తకాలు దొరకడం కష్టం కాబట్టి, సొంతూరికి పోయిన వాళ్ళెవరైనా సంచిలో రెండు వేసుకొని రావాల్సిందే. పద్మనాభంగారు పెట్టిన నియమం ఒకటుంది. పుస్తకం గురించి చెప్పేవాళ్ళు, అది గుంపులో ఎవరు చదవాలో కూడా చెప్పి వాళ్ళ చేతిలో పెట్టాలి. కథ విప్పకూడదు. చివర ఏడుపుంటుందా, నవ్వుంటుందా అన్నది మాత్రం ముందే చెప్పేయాలి. "మనిషికి సంబంధం చూసినట్టే పుస్తకానికీ చూడాలప్పా. జాతకం కుదరకపోతే రెండు పక్కలా నష్టమే" అంటారాయన.

ఆ సంబంధాలు కుదర్చడంలో నాకు పెద్ద పేరొచ్చింది అత్తా. ప్రొద్దుటూరు అబ్బాయి రియాజ్ అని ఒకడున్నాడు, బ్రూక్‌ఫీల్డ్‌లో కంప్యూటర్ ఉద్యోగం. "చైత్రక్క చెప్పిందంటే కండ్లు మూసుకొని చదవచ్చు" అంటాడు. పేరు నాది, మాటలు మాత్రం మీవి. మీరు పదిహేను రోజులకొకసారి నాకు రాసే మాటలే అక్కడ అప్పజెప్పాను. "ఇది వంట చేస్తూ చదవద్దు, కూర మాడుతుంది" అన్నది మీ మాట. "ఈయన మొదటి నలభై పేజీలు సతాయిస్తాడు, ఓర్చుకుంటే తర్వాత మనల్ని వదలడు" అన్నదీ మీదే. షెడ్డంతా పగలబడి నవ్వింది. నేను మీ పేరు చెప్పలేదు. మెచ్చుకోళ్ళు వస్తుంటే మధ్యలో ఇంకొకరి పేరు చెప్పాలని ఎవరికుంటుంది చెప్పండి!

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటుంది. మీరు పంపిన పుస్తకాల్లో ఒక్కటి కూడా నేను చదవలేదు.

హమ్మయ్య, రాసేశాను. మా ఇంట్లో తెలుగు నోటి వరకే, బడి దాకా పోలేదు. మా నాయన తెలుగులో తిడతాడు, కన్నడంలో సంతకం పెడతాడు. నా చదువంతా కన్నడమే. పెళ్ళయ్యాక మీరు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు కదా, వాటిని చదవడం కోసమే తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. రెండు లిపులూ ఒకేలా ఉంటాయి కదా, ఏం కష్టం అంటారు. ఆ ఒకేలా ఉండడమే నా ప్రాణానికొచ్చింది, ఏది ఏదో కలిసిపోతుంది. మీ చేతిరాత గుండ్రంగా, విడివిడిగా ఉంటుంది కాబట్టి కూడబలుక్కునేదాన్ని. అచ్చు పుస్తకం తెరిస్తే మాత్రం చీమల బారే. ఈ జాబు కూడా ముందు కన్నడ అక్షరాల్లో తెలుగు రాసుకొని, తర్వాత తెలుగు అక్షరాల్లోకి దించి, తప్పులు మీ అబ్బాయితో దిద్దిస్తున్నాను. ఆరేళ్ళుగా ఇదే తంతు. మీరేమో ముప్పయ్యేళ్ళుగా గ్రంథాలయంలో ఉద్యోగం చేస్తున్న మనిషి. మీ కోడలికి తెలుగు పుస్తకం చదవడం రాదని ఏ ముఖం పెట్టుకొని చెప్పను? "నాకు తగిన కోడలివి" అని మీరు రాసిన ప్రతిసారీ చెప్పడం ఇంకొంచెం కష్టమైంది.

ఇప్పుడు నీలం అట్ట దగ్గరికి వస్తాను. జూలైలో దాన్ని మదనపల్లె బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపారు. ఉత్తరంలో ఇలా రాశారు, నాకు కంఠతా వచ్చు: "ఇద్దరు అక్కచెల్లెళ్ళు. పదేళ్ళుగా మాటల్లేవు. చివరికి చెల్లెలే బస్సెక్కి పోతుంది. దిగి వీధి మలుపు తిరిగేసరికి అక్క వాకిట్లో ముగ్గు వేస్తుంటుంది. తలెత్తి చూసి, కాఫీ తాగుతావా అంటుంది. అంతే. మనసు బాగాలేని వాళ్ళకివ్వు, చదివి నవ్వుతారు."

మా గుంపులో ప్రేమకుమారిగారని లెక్కల టీచరు ఉన్నారు. చిత్తూరావిడ. తమ్ముడి పెళ్ళిలో ఏదో మాట పట్టింపు వచ్చి, ఎనిమిదేళ్ళుగా సొంత అక్కతో మాటల్లేవు. ఆ సంగతి ఒకసారి నా దగ్గర చెప్పుకొని కళ్ళు తుడుచుకున్నారు. ఇంకేం, ఆగస్టు పదిన అందరి ముందూ పుస్తకం ఆమె చేతిలో పెట్టాను. "అక్కా, ఇది మీ కోసమే రాసినట్టు ఉండాది. చివర నవ్వుతారు చూడండి" అన్నాను. ఆమె పుస్తకాన్ని రెండు చేతులా అందుకున్నారు.

రెండు వారాల తర్వాత ఆమె షెడ్డులోకి వచ్చి కూర్చోలేదు. పుస్తకం నా ఒళ్ళో పెట్టి నిలబడ్డారు.

"ఇది నువ్వు చదివే ఇచ్చినావా చైత్రా?"

"చదివే ఇచ్చినానక్కా."

"నవ్వుతానంటివే! ఆ చెల్లెలు పొయ్యేసరికి ఇంటికి తాళమేసి ఉండాది. అక్క పోయి పన్నెండు దినాలైందని పక్కింటామె చెప్తాది. మూడు దినాలు నేను అన్నం ముట్టలేదమ్మా. నా సంగతి తెలిసుండీ ఎట్లా ఇస్తివి?"

నేను రియాజ్ వైపు చూశాను, ఏదైనా అడ్డుపడతాడేమోనని. వాడు తల దించుకొని, "నేనూ చదివినానక్కా. తాళమే" అన్నాడు. పద్మనాభంగారు లేచి ఫ్యాను వేయబోయారు, అంతకుముందే తిరుగుతోందని మరిచిపోయి.

ఇంటికి వచ్చి బాగా ఏడ్చాను. అబద్ధమెందుకు, మొదట మీ మీదే కోపమొచ్చింది. తర్వాత పంతం పట్టి పుస్తకం ముందేసుకున్నాను. ట్యాంకరు క్యూలో చదివాను, వర్షిణిని నిద్రపుచ్చుతూ చదివాను, తెలియని మాట వస్తే మీ అబ్బాయి ప్రాణం తీశాను. పదకొండు రోజులు పట్టింది. నా జన్మలో పూర్తిగా చదివిన మొదటి తెలుగు పుస్తకం అదే అత్తా. ఇంత బాగుంటుందని తెలిస్తే ఆరేళ్ళ ముందే కష్టపడేదాన్ని.

చదువుతుంటే ఒక విచిత్రం కనిపించింది. అక్క చెవికమ్మ పోవడం, మామ పేకాట పిచ్చి, చెల్లెలి నోటి దురుసు, అన్నీ మీరు రాసినట్టే, పొల్లు పోకుండా ఉన్నాయి. నూటపన్నెండో పేజీ దాకా. ఆ పేజీలో మీరు గుర్తుగా పెట్టుకున్న బస్సు టికెట్టు అలాగే ఉంది. ఆ తర్వాత మీరు రాసింది ఒక్కటీ లేదు.

చదవని పుస్తకం గురించి మీరు చెప్పే మనిషి కారు. పెట్టెలోంచి మీ ఉత్తరాలన్నీ తీసి, తారీకుల వారీగా నేల మీద పరిచాను. రెండేళ్ళ కిందట కాగితానికి ముప్పై వరుసలు ఉండేవి. పోయినేడు ఇరవై. ఈ జూలై ఉత్తరంలో పదకొండే, అవీ ఏటవాలుగా ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి. ఇన్నాళ్ళూ నేనేమనుకున్నానో తెలుసా? నా కష్టం మీకెలాగో తెలిసిపోయి, నా కోసమే అక్షరాలు పెద్దవి చేస్తున్నారనుకున్నాను. ఎంత ప్రేమో మా అత్తకు అని పొంగిపోయాను కూడా. నాకు చదవడం సులువవుతున్నకొద్దీ మీకు చూపు పోతూ వచ్చిందన్నమాట.

మరునాడు మీరు భోజనానికి పోయే వేళ చూసి గ్రంథాలయానికి ఫోన్ చేశాను. అటెండరు సరోజమ్మ ఎత్తింది. మొదట "ఏం లేదమ్మా, బాగుండాది" అంది. నేను ఏడుపు మొదలుపెట్టేసరికి కక్కేసింది. "రెండు కండ్లకూ పొర కమ్మిందంట. ఆపరేషన్ చెయ్యాలని ఇక్కడి డాక్టరు చెప్పి ఏడాదైంది. రిజిస్టరు నేనే రాస్తా, నీ జాబులు గూడా నేనే సదివి ఇనిపిస్తా. వచ్చే జూన్‌లో రిటైరయ్యే దాకా ఎవురికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకునింది. ఆపరేషన్‌లో ఉండే చూపు గూడా పోతే ఇంక పుస్తకమెట్లా అని అమ్మకు భయం తల్లీ."

ఆమెను కోప్పడకండి, నా ఏడుపుకు కరిగిపోయింది. సరోజమ్మా, ఇది కూడా నువ్వే చదువుతున్నావని తెలుసు. ఇక్కడ ఆగి అత్తకు కాసిని మంచినీళ్ళివ్వు. అయితే పోయిన జాబులో నేను మీ అబ్బాయి గురక గురించి రాసినవన్నీ సరోజమ్మ గట్టిగా చదివిందన్నమాట. దేవుడా!

మీరు కళ్ళు కనిపించక సగంలో ఆపిన పుస్తకానికి ముగింపు ఎందుకు కల్పించారో నాకర్థమైంది. "కొత్త పుస్తకం చెప్పండత్తా, ఆదివారం వస్తోంది" అని పదిహేను రోజులకొకసారి పీడించింది నేనే కదా. కోడలి మాట తీసెయ్యలేక మీరు అబద్ధమాడారు. అత్త ముందు చిన్నబోకూడదని నేనాడాను. ఇద్దరికి ఇద్దరం సరిపోయాం.

పోయిన ఆదివారం షెడ్డులో లేచి నిలబడి అంతా చెప్పేశాను, మీ మాటలు నావిగా చెప్పుకున్నదీ, చదవకుండా ఇచ్చిందీ, మీ కళ్ళ సంగతీ. ప్రేమకుమారిగారు కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నారు. తర్వాత, "మీ అత్త రాసిన జాబు ఉండాదా?" అన్నారు. సంచిలోంచి తీసి చదివాను. వాకిలి, ముగ్గు, కాఫీ తాగుతావా. "మళ్ళీ చదువు" అన్నారు. మళ్ళీ చదివాను. మూడోసారి ఆమే కాగితం లాక్కొని చదువుకున్నారు.

"ఆ రచయితకు అట్లా తోచింది, రాసుకున్నాడు. నాకు మీ అత్త చెప్పిందే కావాల" అన్నారు. నిన్నగాక మొన్న శుక్రవారం బడికి సెలవు పెట్టి చిత్తూరు బస్సెక్కారట. ఇంకా తిరిగి రాలేదు. రాలేదంటే మంచిదేనని మేమందరం అనుకుంటున్నాం. నన్ను క్షమించారో లేదో తెలియదు. మీరంటే మాత్రం ఆమెకు గురి కుదిరింది. షెడ్డులో పదో కుర్చీ వేశారు అత్తా. అది మీదేనని పద్మనాభంగారు చెప్పమన్నారు.

కాబట్టి ఇక మీ సాకులు చెల్లవు. ఇక్కడి కంటి డాక్టరుతో మాట్లాడాం. ఒక్కొక్క కన్ను విడిగా చేస్తారట, మొదటిది ఈ నెల ఇరవై ఆరు, శుక్రవారం. మీ భయం ఆయనకు చెప్పాను. ఇలాంటివి రోజూ చేసేవే, ఏమీ చేయకుండా నానబెడితేనే ముప్పు అన్నారు. దసరా సెలవులకు ముందు మీ సెలవు కలిపితే ఉద్యోగానికీ ఢోకా లేదు. జూన్‌లో మీరు మీ రిజిస్టరు మీరే రాసి, దర్జాగా రిటైరవ్వచ్చు. ఇరవై నాలుగున మీ అబ్బాయి వస్తాడు. తలుపేసుకుంటే వాకిట్లోనే కూర్చుంటానంటున్నాడు. ఈ జాబు దిద్దుతూ సగంలో లేచి వెళ్ళి ముఖం కడుక్కొని వచ్చాడు. నీళ్ళు లేని రోజున రెండు చెంబులు ఖర్చు చేశాడు.

కంటికి కట్టు కట్టిన రోజుల్లో ఏం తోచదని బెంగపడకండి. నీలం అట్ట పుస్తకం ఇంట్లోనే ఉంది, టికెట్టు తీయలేదు. ముగింపు చెప్పేశావుగా, ఇంకేం చదువుతావు అంటారు. మధ్యలో ఎనభై పేజీలున్నాయి అత్తా. మీ మంచం పక్కన కూర్చొని నూటపదమూడో పేజీ నుంచి నేనే చదివి వినిపిస్తాను. మెల్లగానే చదువుతాను, తప్పు చదివితే నెత్తిన మొట్టండి. ఆ తాళం దగ్గరికి వచ్చాక పుస్తకం మూసేస్తాను. అక్కడి నుంచి మీరు చెప్పండి.

ఇట్లు,
మీకు తగిన కోడలు కావాలని ఇప్పుడిప్పుడే అక్షరాలు దిద్దుకుంటున్న
చైత్ర