అమ్మ అడిగిన గడ్డపాయన కథ

సుంగై సిపుట్
1957 సెప్టెంబరు 1, ఆదివారం

మేం వలసొచ్చిన ఈ దేశానికి నిన్న ఇంగ్లీషువాళ్ల నుంచి స్వతంత్రం వచ్చింది. ఈరోజు జైలు నుంచి అన్న వచ్చాడు. నాకైతే ఇదే పెద్ద పండగ.

ఆ జర్మనీ గడ్డపాయన రాసినవి రబ్బరు తోట కూలీలకు చదివి వినిపించడమే అన్న చేసిన నేరం. చెట్టు గీసి పాలు తీసేవాళ్ల కష్టంలో, కూలి పోగా మిగిలింది ఎవరికి పోతోందో ఆలోచించమన్నాడు. కమ్యూనిస్టుల్ని అణచడానికి తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీలో అది చాలు, పట్టుకుపోయారు. అమ్మ పోలీసుల కంటే ఆ గడ్డపాయన్నే ఎక్కువ తిట్టేది. అందుకే భోజనాల దగ్గర ఆమె ఆయన మాటెత్తగానే నాకు భయమేసింది.

"ఒరే, ఆయనకి పెళ్ళాం పిల్లలు ఉన్నారేటి?"

అన్న నవ్వాడు. "ఉండీవోరమ్మా. దేశంలోంచి ఎల్లగొడితే లండన్ ఎల్లిపోయినాడు. పేదరికంలో పిల్లలు కొందరు సచ్చిపోయినారు. మిగిలిన ఆడపిల్లల్ని ఆదివారం షికారుకి తీసుకెళ్ళి కథలు సెప్పీవోడు."

"పాపం, ఆ తల్లి ఎంత ఏడిసిందో." అమ్మ అన్న కంచంలో ఇంకో చేప ముక్క వేసింది.

"రేపు కూలీల మీటింగులో నన్ను మాటాడమన్నారమ్మా."

అమ్మ అన్న కంచంలో మళ్లీ అన్నం వడ్డించింది.

"ఎల్లు లా. అన్నం తినేసి ఎల్లు."

ఇక్కడివాళ్లలా మాట చివర 'లా' తగిలించి అమ్మ అన్న తీరుకి ముగ్గురం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుకున్నాం. ఎమర్జెన్సీ ఇంకా ఎత్తెయ్యలేదు. మళ్లీ పట్టుకుపోతే...

నేనిది రాస్తున్నా, పక్క గదిలో అమ్మ ఇంకా పడుకోలేదు. ఆ ఆడపిల్లలకి పెళ్ళిళ్ళయ్యాయా అని అన్నను అడుగుతోంది.