బస్తా మీద తువ్వాలు

2003 డిసెంబరు 9, మంగళవారం

కాఫీ షెడ్డులో కంప్యూటరు మళ్లీ బిగుసుకుపోయింది. తూకం సగంలో. నేనేమో భుజాన బస్తాతో. ప్రోగ్రాం రాసింది మా మేనకోడలు లచ్చిమి. మేనేజరు మాట... "శుక్రవారం సంతకీ ఆగిపోతే విశాఖ కుర్రాణ్ణి పెట్టుకుంటానమ్మా."

"దానికి జీలుగు కల్లు పట్టించినావేటే?" అన్నాను. నవ్వలేదు గుంట.

10, బుధవారం

జబ్బేమిటని అడిగాను.

"అందులో రైతొక వస్తువు, బస్తా ఒక వస్తువు మావా. దేన్ని ఎంతమంది పట్టుకున్నారో మిషను లెక్కెడతాది. ఆకరోడు ఒగ్గేత్తే అప్పుడే తీసి పారేత్తాది. జాగా కాళీ."

"మరేటి నొప్పి?"

"తియ్యట్లేదు. జాగా నిండిపోతంది."

ఎవరికీ అక్కర్లేనిదాన్ని ఎందుకు తీయదు? చుట్ట అయిపోయింది. అర్థం కాలేదు.

11, గురువారం

మా షెడ్డులో తువ్వాలు వేసిన బస్తాని కూలీ ఎత్తడు. టీకి వెళ్లేవాడి బస్తా మీద పక్కవాడు తన తువ్వాలు వేసి కాపు కాస్తాడు. ఈరోజు రైతులు సోమన్న, వాడి బావమరిది గాసి — ఒకడి బస్తా మీద ఇంకొకడి తువ్వాలు. ఇద్దరూ టీకని వెళ్లి అటునుంచటే జీపెక్కి ఊరెళ్లిపోయారు. దారికి అడ్డంగా బస్తాలు. సరదాకి నాదీ ఒకటి వేశాను.

లచ్చిమి వచ్చింది. "నీది తియ్యి మావా."

తీశాను.

"ఇప్పుడెత్తు."

ఎలా ఎత్తను? వాళ్ల తువ్వాళ్లున్నాయిగా.

"నా పోగ్రాంలోనూ ఇదే. రైతు బస్తాని పట్టుకున్నాడు, బస్తా రైతుని పట్టుకుంది. బయటోళ్లందరూ ఒగ్గేసినా లెక్క సున్నాకి రాదు."

మనుషులే లేరు. తువ్వాళ్లున్నాయి. మరి పట్టుకున్నది ఎవరు?

12, శుక్రవారం, పొద్దున్న

"మార్సినాను. బస్తా ఇంక రైతుని పట్టుకోదు. పేరు గురుతెట్టుకుంటాది, అంతే."

"రైతు ముందే పోతే? పేరెట్టి పిలిత్తే పలికేదెవుడే?"

"అదే నాకూ బయ్యం. బేగి టీ తాగి రా, సంతోళ్లొచ్చేత్తారు."

శుక్రవారం, మధ్యాహ్నం

బస్తాల మీద కూర్చుని రాస్తున్నా. ఇంతవరకూ కంప్యూటరు ఆగలేదు... కానీ విశాఖ కుర్రాడు బస్సు దిగాడు. మేనేజరు ముందే కబురంపాడట. లచ్చిమి మంచినీళ్లకి లేచింది. నా తువ్వాలు తీసుకెళ్లి దాని కుర్చీ మీద వేశాను. మావాళ్లెవరూ ముట్టుకోరు.

ఆ కుర్రాడికి ఈ పద్ధతి తెలుసో, తెలీదో. అటే వస్తున్నాడు.