శుక్రవారం పదకొండింటి కాల్

రుద్రంగి,
ఆదివారం.

బాపూ,

నీ పెద్ద బిడ్డ భాగ్యశ్రీ దండాలు. ఇంటి దగ్గర అమ్మ, తమ్ముడు, నేను, బర్రెతో సహా అందరం బాగున్నాం. నువ్వు మస్కట్‌లో వేళకు తింటున్నావనే అనుకుంటున్నాం. ఈ ఉత్తరం, అమ్మ పెట్టిన మామిడికాయ తొక్కు, రెండూ సెలవు అయిపోయి తిరిగొస్తున్న సంజీవ్ అన్న చేతికిచ్చి పంపుతున్నాను. ఫోన్ ఉండగా నేనూ నీలాగే ఉత్తరం రాస్తున్నానని నవ్వకు. ఫోన్లో చెప్పడానికి నోరు రాని మాట ఒకటుంది.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, బీడీలు చుట్టడం మానమంటే మాత్రం మానదు. మక్క చేను నడుమెత్తు వచ్చింది. నా కొలువు వదిలేసి ఇంటి దగ్గర ఉండమన్నావు. వదలను బాపూ. ఎందుకో ఇది చదివితే నీకే తెలుస్తుంది.

మా కోరుట్ల ఆఫీసులో ఊళ్లకు నెట్ పంచే స్విచ్ అంటే వేరే పెట్టె కాదు, మామూలు కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాం. మాటైనా బొమ్మైనా చిన్న చిన్న ప్యాకెట్లుగా దాని గుండానే పోతుంది. ఎండాకాలం నుంచి శుక్రవారం పొద్దున మాత్రమే కాల్స్ తెగుతున్నాయని ఫిర్యాదులు. గల్ఫ్‌లో సెలవు కదా, ఇంటింటా వీడియో కాల్స్ అప్పుడే. మా ధనుంజయ్ సార్ "శుక్రారం గట్లనే ఉంటది, లైన్ పెంచుదాం" అన్నాడు. చూస్తే లైను సగం కూడా నిండలేదు. కంప్యూటర్ మీద భారం నూటికి ఇరవై ఐదు. అయినా ప్యాకెట్లు అవతలికి చేరకుండా పడిపోతూనే ఉన్నాయి. నా మొండితనం ఎవరి నుంచి వచ్చిందో నీకు తెలుసు. మూడు శుక్రవారాలు కుర్చీలోంచి లేవలేదు.

చివరికి దొరికింది. ఆ కంప్యూటర్‌లో పని చేసే కోర్‌లు నాలుగు. విడివిడిగా తీసి చూస్తే ఒకటి నూటికి నూరు, మిగతా మూడూ ఖాళీ. పెండ్లిలో వడ్డించడానికి నలుగురుండగా అన్నం బకెట్ ఒక్కడి చేతికే ఇచ్చినట్టు. నలుగురినీ కలిపి సగటు తీస్తే ఎవరికీ అలుపు లేనట్టే కనబడుతుంది. నేను ఆ సగటే చూసి, ఫోన్ చేసిన ప్రతివాళ్లకూ మా దిక్కు అంతా మంచిగనే ఉంది, మీ ఫోన్ చూసుకోండ్రి అని చెప్పాను. ఇప్పుడు నెట్‌వర్క్ కార్డు పనిని నాలుగింటికీ పంచేలా మార్చాను. మొన్న శుక్రవారం ఒక్క ప్యాకెట్ కూడా పడిపోలేదు.

ఇక అసలు మాట. ఎండాకాలంలో ఆ కార్డు పెట్టింది నేనే. పనంతా ఒక్క కోర్‌కే ఇచ్చే పాత కార్డు సెట్టింగునే చూసుకోకుండా దీనికీ పెట్టేశాను. ఏ గంటకు ఎన్ని ప్యాకెట్లు పడిపోయాయో కంప్యూటర్ రాసి పెట్టుకుంటుంది. మీ అవ్వ, మా బాపమ్మ, చనిపోయిన శుక్రవారం లెక్క తీసి చూశాను. పదకొండింటికి వేలల్లో పడిపోయాయి. వాటిలో నీవీ ఉన్నాయి. తప్పు ఆ రోజు కాల్ తెగిందని నువ్వు గోడకేసి కొట్టిన ఫోన్‌ది కాదు, మీరుండే క్యాంపు నెట్‌దీ కాదు.

ఇంకా ఉంది. పోయిన ఉత్తరంలో, "నేను అవ్వను చూసిన్నని ఊరంతా అంటున్నరు. నేను చూడలే. గట్ల చెప్పిందెవరు బిడ్డా?" అని అడిగావు.

నేనే బాపూ. పాడె లేపకుండా అందరూ నీ వీడియో కాల్ కోసమే ఆగారు. తెర మీద నీ ముఖం కదలకుండా నిలిచిపోయింది. పాడె పక్కన నిలబడ్డ భూమయ్య తాత "కొడుకు చూసిండా?" అన్నాడు. క్యాంపు నెట్ ఇక రాదనుకుని "చూసిండు" అన్నాను. లేపారు. కొంచెం ఆగమంటే ఆగేవాళ్లు. నిన్న తాత ఇంటికి పోయి నిజం చెప్పాను, నీ తమ్ముడు చిన్నబాపుకూ చెప్పాను. ఇక మీద సగటు చూసి ఎవరికీ జవాబు ఇయ్యను.

నువ్వు చూడనిది రాస్తున్నాను. అమ్మ బాపమ్మ ముఖం కడిగి పసుపు రాసింది. నువ్వు మొదటిసారి వచ్చినప్పుడు తెచ్చిన ఆకుపచ్చ దుప్పటి కప్పారు. నోరు కొంచెం తెరిచి ఉంది, మధ్యాహ్నం మంచంలో కునుకు తీసేటప్పుడు ఉన్నట్టే. నేను ఫోన్‌ను ఆమె మీదికి వంచి పట్టుకున్నాను. లేపేదాకా నీ ముఖం ఆమె ముఖానికి ఎదురుగానే ఉంది.

వచ్చే శుక్రవారం పదకొండింటికి ఫోన్ చెయ్యి. ఎంతసేపు తిట్టినా తెగదు.

ఇట్లు,
నీ పెద్ద బిడ్డ
భాగ్యశ్రీ