ఫ్లెక్సీ మీదికి అమ్మ ఫొటో

అన్నా,

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు. అందుకే రాస్తున్నాను.

మొన్న శామీర్‌పేట సభలో నువ్వు మాట్లాడింది టీవీలో చూశాం. మేయర్‌నై ఉండి కూడా కన్నతల్లిని కాపాడుకోలేకపోయానని, దవాఖాన దూరమై ఆమె దారిలోనే ప్రాణం విడిచిందని, ఎమ్మెల్యేగా గెలిపిస్తే ఇక్కడే దవాఖాన కట్టిస్తానని చెప్పి కళ్లు తుడుచుకున్నావు. అమ్మ నా పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. మూడేళ్ల కింద నువ్వామెను మచ్చ బొల్లారంలో నా ఇంట్లో దింపి వెళ్లాక శామీర్‌పేటలో ఆమెను ఎవరూ చూడలేదు కదా, అందరూ నమ్మారు.

"గంగమ్మ అని నా పేరే జెప్పిండు గదనే?" అని మాత్రం అడిగింది అమ్మ.

ఈ ఉదయం మీ పార్టీవాళ్లు ఇద్దరు వచ్చారు. "ఫ్లెక్సీకి మీ అమ్మ ఫొటో గావాలె, జర జల్దీ ఇయ్యక్కా" అన్నారు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. అప్పటికే అమ్మ లోపలి గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. ఫొటో లేదని చెప్పి వాళ్లను పంపేసి, తలుపు తట్టాను.

"ఎందుకు లేదన్నవ్? నీ పెండ్లిల దిగింది మంచిగుంటది, గది ఇయ్యి. ఎలక్షన్లు అయ్యేదాంక నేను బయటికి రాను బిడ్డా. ఎవలన్న జూస్తే వాని ఇజ్జత్ పోతది" అంది.

మధ్యాహ్నం అన్నం కిటికీలోంచి అందించాను. నేనెంత పిలిచినా తలుపు తీయడం లేదు. నువ్వొచ్చి అమ్మా అని పిలువు.

నీ చెల్లెలు