టీవీలో మూరెడు సలామి

బ్రయీలా, రొమేనియా
నవంబరు 1986

చిరంజీవి తిబేరియుకి అమ్మ దీవెనలు. ఇక్కడ నేను, నాన్న, ఇంట్లో చలి, ముగ్గురం క్షేమం. అక్కడ సైన్యంలో నువ్వూ కులాసాగా ఉన్నావనుకుంటాను.

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "టీవీలో నీ చేతిలో మూరెడు సలామి మాంసం చూశాను. నాకు పంపేది మాత్రం జామ్ సీసాయేనా? నేను నీ కొడుకుని కానా?" అని రాశావు. మనసు చివుక్కుమంది. కన్నతల్లిని వదిలి టీవీని నమ్ముతావట్రా?

జరిగింది విను. ఆవేళ మన వీధి కొట్టు ముందు లారీ ఆగింది. లారీ ఆగితే మనవాళ్లేం చేస్తారు? వరస కడతారు. నేనూ నిలబడ్డాను.

"ఏమిస్తున్నారే?" అంటూ రొప్పుతూ వచ్చింది పక్కింటి సోఫ్రోనియా.

"ఏమో, ముందు నిలబడు."

తీరా దిగింది సర్కారు టీవీవాళ్లు. అరల నిండా సలామీలు, కోళ్లు సర్ది మమ్మల్ని కసిరారు. "వరస కనబడకూడదమ్మా! కొట్టు నిండుగా, తీరుబడిగా ఉన్నట్టు తీయాలి. పొండి!"

"వరసే లేని కొట్టులో సరుకుందంటే ఎవడు నమ్ముతాడు నాయనా?" అంది సోఫ్రోనియా.

ఎవరూ కదల్లేదు. చివరికి ముందున్న నన్ను లోపలికి లాగి, తలుపేసి, చేతిలో సలామి పెట్టి నవ్వమన్నారు.

"రోజూ రండి బాబూ! మీరొస్తేనే అన్నీ దొరుకుతున్నాయి!" అన్నాను. టీవీలో "అన్నీ దొరుకుతున్నాయి" ఒక్కటే ఉంచి మిగతాది కోసేశారు. తర్వాత సరుకంతా మళ్లీ లారీ ఎక్కింది.

అంతా కాదులే. నాన్నకు కూడా చెప్పని మాట నీకు చెబుతున్నాను. తలుపు తీయగానే వరస లోపలికి తోసుకొచ్చింది. ఆ సందట్లో సలామి నా కోటులో దూరింది. దూరడమేమిటి, దొంగిలించానురా. సిగ్గు లేదు గానీ భయం మాత్రం ఉంది. తెలిస్తే నాన్న ఉద్యోగం పోతుంది.

ఆ సలామే ఈ పొట్లంలో ఉంది.

మా ఉత్తరాలు విప్పి చదివే పెద్దమనిషికి ఒక మాట: నాయనా, విడిగా చుట్టిన ముక్క నీది. నీకూ ఆకలేస్తుందిగా, తిను. మిగతాది మావాడికి చేరనివ్వు. తిన్నాక ఇద్దరం దొంగలమే, ఒకరి మీద ఒకరం ఫిర్యాదు చేసుకోలేం.

తిబేరియూ, పొట్లంలో ఆ ముక్క లేదంటే ఆయన నా మాట నమ్మాడన్నమాట. ఇక నువ్వూ నమ్మరా.

ఇట్లు,
టీవీలో నవ్విన
మీ అమ్మ